పళ్ళచక్రం కోసం వెళ్ళిన లిండ్సే

మనిషి ఎదురుగా నిలబడితే లిండ్సే ట్రెలోర్‌కి నోరు పెగలదు. అదే రేడియో మైకు చేతికిస్తే ఇక ఆపేవాడుండడు. ఈ విడ్డూరం అడిలైడ్‌కి ఎంతో ఎగువన మా ఎర్రనేల మీదున్న పశువుల మకాములకి, అంటే వేల పశువుల్ని మేపే పెద్ద కమతాలన్నిటికీ, తెలుసు. ఆ రోజుల్లో అన్ని మకాములకీ కలిపి ఒకటే రేడియో లైను. అందులో ఎవరు ఎవరితో మాట్లాడినా మిగిలినవాళ్ళందరూ వినాల్సిందే. వినాల్సిందే అని మర్యాద కోసం అంటున్నాను గానీ, నిజానికి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా చెవి అప్పగించి కూర్చునేవాళ్ళు.

లిండ్సే పుట్టింది రైలు పట్టాల పక్కన, ఒక రేకుల షెడ్డులో. తండ్రి పట్టాలు బాగుచేసే కూలీ. ఆ స్టాపులో వాళ్ళ ఇల్లు కాక ఇంకేముందయ్యా అంటే ఒక నీళ్ళ ట్యాంకు ఉంది. రైలు డ్రైవరు చెయ్యి ఊపుతూ పోయేవాడు, పిల్లవాడు తిరిగి ఊపేవాడు. వాడికి తెలిసిన సంభాషణ అంతే. మీసం మొలవకముందే బిల్లాకూ మకాంలో బోరు నీళ్ళు తోడే గాలిమరల పనికి కుదిరాడు. ఒక జిల్లాని తెచ్చి పడేసినా పట్టేంత మకాం అది. ఒక బోరు దగ్గరనుంచి ఇంకో బోరు దగ్గరకి లారీ వేసుకు పోవడం, నిచ్చెనెక్కి మర చక్రానికి నూనె పొయ్యడం, పశువుల తొట్లలో చచ్చిన కాకుల్ని తీసి పారేయడం, ఇదీ పని. ఉండేది మకాం ఇంటికి ఆమడ దూరంలో, ఒంటి గుడిసెలో. మాట్లాడటానికి ఒక బల్లి ఉండేది. అదీ చలికాలం నిద్రపోయేది.

అలాంటి మనిషికి యజమాని ఒక రేడియో పెట్టించాడు. ప్రేమతో కాదు, ఏ బోరు చెడిందో ఏ రోజుకారోజు తెలియాలని. అప్పటికి లిండ్సేకి ముప్ఫై దాటాయి. మొదట్లో "బోరు బాగుంది, ఓవర్" అనేసి కట్టేసేవాడు. నా మాట అయింది, ఇక నీ వంతు అనడానికి రేడియోలో ఓవర్ అంటారు. తర్వాత ఒక చెట్టు మీద గద్ద గూడు కట్టిందన్నాడు. ఆ తర్వాత ఆ గద్ద తన టోపీ ఎత్తుకుపోయి గూట్లో పరుచుకున్న కథ చెప్పాడు. ఎదురుగా మొహం లేదు, గోడకి తగిలించిన కేలెండరు తప్ప. ఆ కేలెండరు వైపు చూస్తూ ఎంతసేపైనా చెప్పగలడని అతనికే అప్పుడు తెలిసింది.

పొద్దున రేడియోలో ముందు డాక్టరు వేళ. ప్రతి మకాంలోనూ ఒకే రకం మందుల పెట్టె ఉండేది, సీసాలకి నంబర్లుండేవి. రోగం చెప్పుకుంటే డాక్టరు నంబరు చెప్పేవాడు. అది అయ్యాక టెలిగ్రాములు. ఆ తర్వాత లైను ఆడవాళ్ళకి వదిలేసేవారు. గులాబీరంగు గాలా చిలకలు నీళ్ళతొట్టి మీద వాలి చేసే రొద ఎలా ఉంటుందో విన్నవాళ్ళకి, దానికి చిలకల వేళ అని ఎందుకు పేరొచ్చిందో చెప్పక్కర్లేదు.

ఒకరోజు లిండ్సే డాక్టరుని పిలవక తప్పలేదు.

"కురుపు లేచిందండీ. ఓవర్."

"ఎక్కడ లేచింది? ఓవర్."

"కూర్చునే చోటండీ. ఓవర్."

"ఎడమ వైపా, కుడి వైపా? స్పష్టంగా చెప్పాలి. ఓవర్."

అతను స్పష్టంగానే చెప్పాడు, పాపం. ఆ పూట చిలకల వేళ ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. దిండు కుట్టి పంపుతానని ఒకావిడ, గుర్రం ఎక్కించండని ఇంకొకావిడ. అందరికంటే గట్టిగా నవ్వింది మిసెస్ పెంగెల్లీ. ఆవిడ మా చిలకలకి పెద్ద చిలక. ఆ నవ్వుల మధ్యలోంచి ఒక సన్నటి గొంతు వచ్చింది.

"నవ్వింది చాల్లెండి. రోజంతా లారీలో కూర్చునే మనిషాయన. లిండ్సే గారూ, నేను కుంబరా మకాం వంటమనిషిని, ఎల్వా గెర్కీని. రొట్టె పాలలో ఉడకబెట్టి, గుడ్డలో కట్టి, వేడివేడిగా వెయ్యండి. మా నాన్నకి అలాగే తగ్గింది. ఓవర్."

అలా మొదలైంది. కురుపు తగ్గింది, మాటలు తగ్గలేదు. అతను గాలిమరల కబుర్లు చెప్పేవాడు, ఆమె వంటింటి కబుర్లు చెప్పేది. మేకలు పిండి తినేసిన సంగతి, కొత్త గుమాస్తా పంచదార అనుకుని టీలో ఉప్పేసుకున్న సంగతి. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఆరేళ్ళు మాట్లాడుకున్నారు. ఒక్కసారీ ఒకరినొకరు చూసుకోలేదు. ఒక్కమాటైనా మూడో మనిషి చెవిన పడకుండా చెప్పుకోలేదు.

ఆ ఏడు చలికాలంలో, వానలు పడి ఎర్రనేలంతా పూలు పూసిన రోజుల్లో, చిలకల వేళ ఎల్వా మామూలు గొంతుతోనే ఒక మాట చెప్పింది. అడిలైడ్‌లో తన అక్క ఒక ఆస్పత్రి వంటింట్లో తనకి పని చూసి పెట్టిందట. శుక్రవారం రైలుకి వెళ్ళిపోతోందట. ఆడవాళ్ళందరూ అయ్యో అన్నారు, మంచిదేలే అన్నారు. లిండ్సే మైకు పట్టుకుని కేలెండరు వైపు చూశాడు. మొట్టమొదటిసారి ఆ కేలెండరు ముందు కూడా నోరు రాలేదు.

ఆ రోజంతా ఏ బోరు దగ్గరకీ పోలేదు. తెల్లారాక యజమాని దగ్గరకి వెళ్ళి నిలబడ్డాడు.

"గాలిమరకి పళ్ళచక్రం కావాలి, గేరు చక్రం," అన్నాడు. "పదకొండో బోరుకి. కుంబరాలో పాత మర ఒకటి విప్పేశారంట. పోయి తెచ్చుకుంటా."

యజమాని పొగాకు నలుపుతూ అతన్ని కిందనుంచి పైకి చూశాడు. పదకొండో బోరు చక్రం పోయిన నెలే కొత్తది వేశారని ఆయనకి తెలియదా ఏంటి?

"కుంబరా ఇక్కడికి దగ్గరా ఏమన్నానా, పోనూ రానూ నాలుగు రోజులు పడుతుంది," అన్నాడు. "సరే, పో. చేతిరేడియో ఒకటి లారీలో వేసుకో. దారిలో చచ్చావనుకో, నీ సంగతి సరే, నా లారీ ఎక్కడుందో తెలియొద్దూ?"

లిండ్సే బయల్దేరాడు. లారీ ముందు కాన్వాసు నీళ్ళ సంచి వేలాడదీశాడు, వెనక రెండు పీపాల పెట్రోలు, ఉప్పు మాంసం, టీ కాచుకునే డబ్బా. బిల్లాకూ దాటగానే రాళ్ళమైదానం. ఎవరో పనిగట్టుకుని నూనె రాసి పరిచినట్టు నున్నటి ఎర్రరాళ్ళు, ఆకాశం అంచు దాకా. వాటి మధ్య సందుల్లో ఆ ఏడు మధ్యలో నల్లకన్నులాంటి మచ్చ ఉన్న ఎర్రపూలు విరగబూశాయి. దారి మీద మడతలున్నాయి, ఇంటిమీద రేకుల మడతల్లాగే. మెల్లగా పోతే పళ్ళు రాలతాయి, జోరుగా పోతే లారీ మడతల శిఖరాల మీదుగా తేలిపోతుంది. లిండ్సే జోరుగానే పోయాడు. ఎల్వాతో చెప్పాల్సిన మాటలు పైకి చదువుకుంటూ పోయాడు. లారీలో ఒక్కడే ఉన్నాడు కాబట్టి మాటలు అద్భుతంగా వచ్చాయి. ఒక ఈమూ పక్షి కాసేపు లారీ పక్కన పరిగెత్తి, ఆ ప్రసంగమంతా విని, నచ్చనట్టు పక్కకి మళ్ళిపోయింది.

మొదటి మజిలీ నార్త్‌వెల్ మకాం. యజమాని ముందే రేడియోలో ఊదేశాడు కాబోలు, డాట్ కీనన్ అనే ఆవిడ గేటు దగ్గరే కాపు కాసింది, చేతిలో కత్తెరతో.

"దిగు. ఆ కుర్చీలో కూర్చో."

"నేను పళ్ళచక్రం..." అన్నాడు లిండ్సే నేలచూపులు చూస్తూ.

"ఆ, ఆ, పళ్ళచక్రమే. ఈ జుట్టుతో పోతే పళ్ళచక్రం కూడా జడుసుకుంటుంది. తల వంచు."

గొర్రెల ఉన్ని తీసే ఇంట్లో పుట్టిన మనిషి ఆవిడ. పని కూడా ఆ తరహాలోనే చేసింది. అయిపోయాక అద్దంలో చూసుకుంటే లిండ్సేకి తనవి అంత పెద్ద చెవులని మొదటిసారి తెలిసింది. ఆవిడ తృప్తిగా వెంట్రుకలు దులిపి, ఒక ఎండుపళ్ళ కేకు గుడ్డలో కట్టి చేతికిచ్చి, అతను గేటు దాటాడో లేదో రేడియో దగ్గరకి పరిగెత్తింది.

సాయంత్రానికి మిసెస్ పెంగెల్లీ ఇంటికి చేరాడు. అక్కడ అప్పటికే ఇస్త్రీపెట్టె వేడెక్కి ఉంది. అతని చొక్కా అతని ఒంటిమీదనుంచి ఎలా ఊడిందో అతనికే తెలియదు. భోజనాల దగ్గర ఆవిడ మొగుడు, నోట్లో పంటిపుల్ల పెట్టుకుని, జాలిగా చూశాడు. ఆ ఇంట్లో ఆయనకీ మాట్లాడే అవకాశం తక్కువే.

పొద్దున లారీ ఎక్కుతుంటే మిసెస్ పెంగెల్లీ అతని మెడకి ఒక టై కట్టింది. ఎర్రది, మొగుడి పెళ్ళినాటిది.

"విను అబ్బాయ్," అంది ముడి బిగిస్తూ. "సూటిగా ఆ పిల్ల కళ్ళల్లోకి చూసి అడిగెయ్. బోర్ల గురించి ఎత్తావంటే మాత్రం నేనూరుకోను."

"పళ్ళచక్రం..." అన్నాడు లిండ్సే, ముడి బిగుసుకుని సగంలో ఆగిపోయాడు.

ఆ రోజు దారి కొండల్లో పడింది. ఆ కొండలకి శిఖరాలుండవు. పైన బల్ల పరిచినట్టు చదును, పక్కలు గొడ్డలితో నరికినట్టు నిట్టనిలువు. తెల్లటి పొర మీద పసుపు, దానిమీద కావిరంగు, పైన టోపీలాగా నల్లరాయి. ఒకప్పుడు ఇదంతా సముద్రమని చెబుతారు. లిండ్సేకి సముద్రం తెలియదు గానీ ఆ కొండలు తెలుసు, వాటి నీడలో పడుకున్న కంగారూలు తెలుసు. చిన్నప్పట్నుంచీ ఒంటరిగా పోతున్నప్పుడు కొండలకి పలకరింపుగా ఒక వేలెత్తడం అలవాటు, రోడ్డు మీద ఎదురొచ్చిన డ్రైవరుకి ఎత్తినట్టే. ఆ పూటా ఎత్తాడు. మనసు అంత తేలిగ్గా ఉంది.

మధ్యాహ్నం ఒక చెట్టు కింద ఆగి టీ డబ్బా మంట మీద పెట్టాడు. ఏరియల్ తీగ కొమ్మ మీదకి విసిరి చేతిరేడియో పెట్టాడు, వాన కబుర్లేమన్నా తెలుస్తాయేమోనని. తెలిసింది మొత్తం తన గురించే.

"చెవులంత కనపడేట్టు కత్తిరించావేంటే డాట్? ఓవర్."

"చెవులు నేను పెట్టానా? ఉన్నవే కనపడ్డాయి. ఓవర్."

"ఎర్ర టై కట్టాను నేను. అచ్చం పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఓవర్." ఇది మిసెస్ పెంగెల్లీ.

"పందెం కాస్తారా ఎవరైనా, అడుగుతాడా అడగడా? ఓవర్." ఇదెవరో మగగొంతు. అంటే పని మానుకుని మగవాళ్ళూ వింటున్నారన్నమాట.

లిండ్సేకి చెవులు కాలిపోయాయి. ఇంత పెద్దవి కాబట్టి బాగానే కాలాయి. ఎల్వా కూడా వింటూంటుంది కదా! ఈ గోలంతా విని ఆమె ఏమనుకుంటుంది? ఆమె పరువు పోవడం లేదూ? ఆ కంగారులో మైకు అందుకున్నాడు, అక్కడే పప్పులో కాలేశాడు.

"బిల్లాకూ లారీ మాట్లాడుతోంది," అన్నాడు, గట్టిగా, తొణక్కుండా, మైకు ముందు ఎప్పుడూ మాట్లాడే ధైర్యంతో. "అందరూ వినండి. నేను కుంబరా పోతున్నది పళ్ళచక్రం కోసం. ఇంకే పనీ లేదు. ఎల్వాని ఇందులోకి లాగొద్దు. ఓవర్."

లైనంతా నవ్వు. నమ్మినవాళ్ళు ఎవరూ లేరు. ఒక్క మనిషి తప్ప. కుంబరా వంటింట్లో పిండి కలుపుతున్న ఎల్వా మాత్రం నమ్మింది. ఎందుకంటే ఆరేళ్ళలో అతను తనతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. గద్ద టోపీ ఎత్తుకుపోయిందంటే నిజంగానే ఎత్తుకుపోయింది. పొద్దుట్నుంచీ మనసులో ఏదో అనుకుని రెండుసార్లు తల దువ్వుకున్న ఆమె, పిండి చేతులు కడుక్కుని, షెడ్డులోకి వెళ్ళి, పాత మర విప్పిన చోట పళ్ళచక్రం వెతికింది. తుప్పు గీకి, నూనె రాసి, గోనెసంచిలో చుట్టి వరండాలో పెట్టింది.

కుంబరాలో ఆ రోజు మగవాళ్ళంతా పశువుల్ని తోలుకురావడానికి పోయారు. యజమానీ భార్యా గుర్రప్పందేలకి వెళ్ళారు. లారీ చప్పుడు విని ఎల్వా గుమ్మంలోకి వచ్చింది.

సన్నటి గొంతు కాబట్టి సన్నటి మనిషి అనుకున్నాడు లిండ్సే. ఆమె అతనికంటే బెత్తెడు పొడవు. ఎండకి మాగిన మొహం, పెద్ద చేతులు, తాడు కట్టిన కళ్ళద్దాలు. అంత గట్టి గొంతు కదాని ఎత్తైన మగవాణ్ణి ఊహించుకున్న ఆమెకి రెండు చెవులూ, ఎర్ర టైయీ, మధ్యలో కొద్దిగా మనిషీ కనిపించాడు. ఆమెకి నవ్వు రాలేదు. మొహం అనుకున్నట్టు లేకపోయినా అనుకున్నంత మంచిగానే ఉందనిపించింది. ఆ మాట చాలా రోజుల తర్వాత ఆమే చెప్పింది.

"రా, లోపలికి రా లిండ్సే."

"ఆ," అన్నాడు లిండ్సే.

బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మాంసం కూరి కాల్చిన పై రొట్టె, ఎర్రటి అడవిపళ్ళు కూరినది ఇంకోటి, టీ పెట్టింది. అతను తిన్నాడు. గోడగడియారం కొట్టుకుంటోంది. ఈగ ఒకటి జామ్ గిన్నె చుట్టూ తిరిగింది. లారీలో చదువుకున్న మాటల్లో మొదటి మాట ఏమిటో కూడా గుర్తుకు రాలేదు.

"దారి ఎలా ఉంది?"

"బానే ఉంది. ఓవర్," అన్నాడు, నాలిక కరుచుకున్నాడు.

ఆమె పెదవి కొంచెం కదిలింది. అప్పుడన్నా ధైర్యం తెచ్చుకోవాలా వద్దా? తెచ్చుకోలేదు. కప్పులోకి చూశాడు. కప్పు ఖాళీ అయ్యాక పళ్ళెంలోకి చూశాడు. ఇంత మేలైన మనిషి ఎదురుగా కూర్చుంటే, నా బతుకులోకి రా అని అడగడానికి తనెవరని అనిపించింది. రేడియోలో ఆ సంగతి ఎప్పుడూ గుర్తుకొచ్చేది కాదు.

"శుక్రవారం నా రైలు," అంది ఎల్వా.

"విన్నాను," అన్నాడు.

ఆమె ఎదురుచూసింది. గడియారం కూడా ఎదురుచూసినట్టే ఉంది. చివరికి లేచి, వరండాలోకి వెళ్ళి, గోనెసంచి మూట తెచ్చి అతని ముందు బల్లమీద పెట్టింది. బరువుకి కప్పులు గలగలమన్నాయి.

"నువ్వొచ్చిన పని," అంది. "నూనె రాశాను."

ఇంతకంటే అన్యాయం ఎవరికన్నా జరిగిందా? అతను ఆ మూట ఎత్తుకున్నాడు. థాంక్స్ అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. లారీ ఎక్కి, తనకి అక్కర్లేని ఇనపముక్కని పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చిన దారినే పోయాడు. ఎల్వా గుమ్మంలో నిలబడి దుమ్ము కనపడినంతసేపూ చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి పళ్ళేలు కావాల్సినదానికంటే గట్టిగా తోమింది.

కుంబరాకి కొంచెం దూరంలో మూడు రాళ్ళున్నాయి. కింద సన్నగా, పైన వెడల్పుగా, టోపీలు పెట్టుకుని నిలబడ్డట్టుంటాయి. మూడు టోపీలని పేరు. అక్కడికొచ్చేసరికి లిండ్సే బ్రేకు తొక్కాడు. దిగి, మూటని రాయికేసి కొట్టాలనుకున్నాడు. నూనె రాసి చుట్టిన తీరు చూసి చేతులు రాలేదు. సాయంత్రం వెలుగు పడి రాళ్ళు నిప్పుల రంగులో ఉన్నాయి. ఎంత అందంగా ఉంటే అంత ఒళ్ళు మండింది అతనికి. టై విప్పబోతే ముడి రాలేదు. టై కట్టుకున్న దద్దమ్మలా ఇంకో రెండ్రోజులు లారీ నడపాలి, డాట్ కీనన్‌కీ మిసెస్ పెంగెల్లీకీ మొహం చూపించాలి, ఆ తర్వాత ప్రతి పొద్దునా రేడియో పెట్టుకుని ఎల్వా లేని లైను వినాలి. ఆ ఆఖరి సంగతి తట్టుకోలేకపోయాడు.

సాయంత్రం వేళకి లైను తెరుస్తారు. అతను తీగ తీసి మధ్య టోపీ మీదకి విసిరాడు. మూడోసారికి పట్టుకుంది.

లైను నడిపేది నెవిల్. ఎప్పుడూ జలుబు చేసినట్టుండే గొంతు. "బిల్లాకూ లారీ, చెప్పు. పళ్ళచక్రం దొరికిందా? ఓవర్."

"నెవిల్, నేను కుంబరాతో మాట్లాడాలి. అందరూ వింటారని తెలుసు. వినండి. ఓవర్."

నెవిల్ గొంతు సవరించుకున్నాడు. "అన్ని మకాములూ నోళ్ళు మూసుకోవాలి. మిసెస్ పెంగెల్లీ, మీరు కూడా. బిల్లాకూ లారీ, కానీ."

లిండ్సే మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఎదురుగా రాయి. రాయితో మాట్లాడటం అతనికి కష్టం కాదు.

"ఎల్వా, నేను లిండ్సేని. ఇప్పుడే నీ బల్ల దగ్గర కూర్చుని, నువ్వు పెట్టిన పై రొట్టె తిని, నోరెత్తకుండా వచ్చేసిన మొద్దుని. పళ్ళచక్రం నాకక్కర్లేదు. పదకొండో బోరు శుభ్రంగా తిరుగుతోంది. మధ్యాహ్నం నేను చెప్పింది అబద్ధం. నీతో ఆడిన మొదటి అబద్ధం అదే, వాళ్ళు నిన్ను ఏడిపిస్తారని ఆడాను. నేనొచ్చింది నీకోసం. నువ్వు రైలెక్కితే పొద్దున్నే లేచి నేను మర ఎక్కడమెందుకు, దిగి వచ్చి ఎవరికి చెప్పుకోడానికి? నాకు గుడిసె ఉంది, బల్లి ఉంది. చెవులు పెద్దవి, నువ్వు చూశావు. నన్ను పెళ్ళి చేసుకుంటావా? ఓవర్."

మీట వదిలాడు. గరగర. అన్ని మకాముల్లోనూ అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. నేనూ ఉన్నాను. మా చిలకల లైనులో అంత నిశ్శబ్దం ముందెన్నడూ లేదు, తర్వాతా లేదు.

కుంబరా పలకలేదు.

"కుంబరా, కుంబరా," అన్నాడు నెవిల్ కొంతసేపటికి. "వినిపించిందా? ఓవర్." గరగర. మళ్ళీ పిలిచాడు. గరగరే.

ఇక ఆగలేక మిసెస్ పెంగెల్లీ వచ్చేసింది, ముక్కు చీదుకుంటూ. "ఆ టై వల్లే. నీలంది కట్టాల్సింది. ఓవర్."

"చెవులు కప్పి ఉంచాల్సింది," అంది డాట్. "తప్పు నాదే. ఓవర్."

వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తప్పులు పంచుకుంటుంటే లిండ్సే రాయికి ఆనుకుని కూలబడ్డాడు. పోనీలే, అడిగాను కదా అనుకుందామని చూశాడు. అలా అనుకోవడం కుదరలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దుమ్మని సర్దిచెప్పుకున్నాడు.

నిజంగానే దుమ్ము కనిపించింది. కుంబరా వైపునుంచి, దారి మీద వంకరటింకరగా వస్తోంది. కుంబరా మకాం వాళ్ళు వాడే పాత మోటారుబండి అది. ఎవరు నడుపుతున్నారో గానీ రెండో గేరులోనే ఏడిపిస్తూ నడుపుతున్నారు. అది వచ్చి, లారీని గుద్దబోయి, ముళ్ళగడ్డి పొదలో ఆగింది. ఎల్వా దిగింది. ఏప్రను విప్పనే లేదు. కనుబొమ్మ మీద పిండి.

"పొయ్యి మీద కూర అలాగే వదిలేసి వచ్చాను," అంది. "మాడిందంటే పూచీ నీదే."

లిండ్సే లేచి నిలబడ్డాడు. అలవాటుగా చెయ్యి మైకు వైపు పోయింది. ఆమె చూసి, ఆ మైకు తీసి లారీ సీటు మీద పడేసింది. లోపలనుంచి నెవిల్ కుంబరా కుంబరా అని పిలుస్తూనే ఉన్నాడు.

"రేడియోలో అడిగినవాడు నాకు తెలుసు," అంది. "ఆరేళ్ళుగా తెలుసు. వాడు ఎప్పుడడిగినా ఒప్పుకునేదాన్నే. కానీ నేను కాపురం చెయ్యాల్సింది వాడితో కాదు, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడితో. అతను ఇంకా అడగలేదు."

లిండ్సే బూట్ల వైపు చూశాడు. లారీ టైర్ల వైపు చూశాడు. మూడు టోపీల వైపు చూశాడు, అవేం సాయం చెయ్యలేదు.

"అక్కడ కాదు," అంది ఎల్వా. "ఇటు."

అతను చూశాడు. ఆమె కళ్ళద్దాల వెనక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. బండి నడపడం సరిగ్గా రాకపోయినా ఇంత దూరం వచ్చింది. ఏప్రను అంచుని వేలికి చుట్టడం, విప్పడం చేస్తోంది. ఆమెకీ భయమే అన్నది అతనికి అప్పుడు తట్టింది. భయమున్నది తనొక్కడికే కాదని తెలిశాక నోరు తెరిచాడు.

"ఎల్వా," అన్నాడు. ఆగాడు. మళ్ళీ, "ఎల్వా," అన్నాడు. రేడియోలో చెప్పినవేవీ రాలేదు, బల్లీ రాలేదు, బోరూ రాలేదు. "నాతో... ఉంటావా? ఎప్పటికీ?"

లారీలో నెవిల్ గొంతు, దాని వెనక మిసెస్ పెంగెల్లీ గొంతు, ఏమైందో ఎవరన్నా చెప్పండని బతిమాలుతున్నాయి. ఎల్వా ఇంకో అడుగు దగ్గరకి వచ్చి, అతని పెద్ద చెవి దగ్గరకి వంగి, "ఉంటాను," అంది.

ఇన్నేళ్ళలో లైనంతా చెవి అప్పగించి కూర్చున్నా, ఆమె నోటినుంచి అతనొక్కడే విన్న మొదటి మాట అది.